అప్‌డేట్: డెడ్‌లిఫ్ట్‌లో నడుము నొప్పి

విశాఖపట్నం ఎం.వి.పి. కాలనీలోని జిమ్‌లో 80 కిలోల డెడ్‌లిఫ్ట్ (నేల మీదున్న బరువుల కడ్డీని, అంటే బార్‌ను, పట్టుకుని నిటారుగా లేచి నిలబడే వ్యాయామం) చేసేటప్పుడు నడుము పట్టేస్తోందని, బరువు తగ్గించాలా లేక పూర్తిగా మానేయాలా అని రెండు నెలల క్రితం అడిగాను. మీ సూచన ప్రకారం 50 కిలోలకు దిగి, పక్కనుంచి వీడియో తీయించుకుని చూడగా, బార్ కాళ్లకు దూరంగా జరగడం, అది నేల విడవకముందే నా వెన్ను వంగిపోవడం స్పష్టంగా కనిపించాయి. ఇప్పుడు బార్‌ను పాదాల మధ్యభాగానికి సరిగ్గా పైన ఉంచి, పొట్టనిండా గాలి పీల్చి బిగబట్టి, తుంటిని వెనక్కి నెట్టి, నేలను పాదాలతో అదుముతూ లేస్తున్నాను. ఇంకో రెండుసార్లు ఎత్తగలననిపించినప్పుడే సెట్ ఆపేస్తున్నాను. అయినా శ్రమకేమీ లోటు లేదు (ఇక్కడి ఉక్కపోత సంగతి వేరే చెప్పాలా). వారానికి 2.5 కిలోల చొప్పున పెంచుతూ 70కి చేరాను. నొప్పి మళ్లీ రాలేదు. చేతిపట్టు మాత్రం కాళ్లకంటే ముందే సడలుతోంది.