ముసలి కుక్క, పెరట్లో ముంగిసలు

ప్రశ్న (అంబాజీపేట నుంచి)
మా చంటికి 13 ఏళ్లండీ. ఊరకుక్కే, పసిదిగా కాలవ గట్టున దొరికింది. ఇప్పుడు వెనక కాళ్లు పట్టు తప్పి టైల్స్ మీద జారి కూలబడుతోంది. కళ్లలో నీలిపొర. అయినా తెల్లారేసరికి పెరటి గుమ్మం దగ్గర నిలబడుతుంది. కొబ్బరిమట్టలకి వేలాడే గిజిగాడి గూళ్లు, అరటితోపులో జెముడుకాకి, ముంగిసల జంట. ఒకప్పుడు అన్నిటినీ తరిమేది. ఇప్పుడు ముంగిస పది అడుగుల దూరంలో వెళ్లినా చెవి ఆడించి ఊరుకుంటుంది. పొద్దున్నే గుమ్మంలో గడిపే ఆ గంటసేపు దానికి లేకుండా చెయ్యలేను. వానాకాలం కదా, పాముల భయం. నొప్పికి మన పారాసిటమాల్ వెయ్యొచ్చా?

జవాబు (రాజోలు నుంచి)
వెయ్యకండి! మన మోతాదు కుక్క కాలేయాన్ని దెబ్బతీస్తుంది. ఐబుప్రొఫెన్ ఇంకా ప్రమాదం. పశువుల డాక్టరు గారు బరువు చూసి కుక్కల మందు రాస్తారు. ముందు టైల్స్ మీద కొబ్బరిపీచు పట్టాలు పరవండి. మా ముసలి కుక్కకి గుమ్మం నుంచి గిన్నెదాకా పరిచాం, రెండోరోజుకే ధైర్యంగా నడిచింది. గోళ్లు కూడా కత్తిరించండి.

జవాబు (ముమ్మిడివరం నుంచి)
నీలిపొర వయసుదైతే చూపు పెద్దగా తగ్గదు, శుక్లమైతే తగ్గుతుంది. చూపించండి. కొబ్బరిమట్టలు, కొబ్బరి డొక్కల కుప్పలు తీసేస్తే ఎలుకలు తగ్గుతాయి, వాటికోసం వచ్చే పాములూ తగ్గుతాయి. నిలవనీళ్లు తాగనివ్వకండి, వాటిలో కలిసిన ఎలుక మూత్రంతో లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు వస్తుంది. దానికి ఏటా టీకా ఉంది.

అడిగినవారు
మాత్ర వెయ్యలేదండీ. పట్టా పరిచాను. పొద్దున్న తనంతట తనే గుమ్మందాకా నడిచింది.