బ్రాడ్లీ బీల్: జీతం ఎక్కువా, ఒప్పందమే చిక్కా?

ప్రశ్న: 2025 ఫిబ్రవరిలో అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో, మయామి ఆటగాడు జిమ్మీ బట్లర్ కోసం ఫీనిక్స్ జట్టు గట్టిగా ప్రయత్నించింది కదా. తన ఆటగాడు బీల్‌ను ఉంచుకుని, ఇద్దరు ముగ్గురు చిన్న జీతాలవాళ్లను కలిపి పంపితే సరిపోయేది కాదా?

జవాబు 1: కుదిరేది కాదు. సెకండ్ ఏప్రన్ (జట్టు మొత్తం జీతాలపై లీగ్ పెట్టిన పై గీత) దాటిన జట్టు ట్రేడ్‌లో, అంటే ఆటగాళ్ల మార్పిడిలో, ఇద్దరు ముగ్గురి జీతాలు కలపకూడదు, పంపినదానికంటే ఎక్కువ జీతం తెచ్చుకోకూడదు; ఫీనిక్స్ అప్పటికే ఆ గీత దాటింది. ఆ సీజన్‌లో బట్లర్ జీతం సుమారు 4.88 కోట్ల డాలర్లు, బీల్‌ది 5.02 కోట్లు. జట్టు స్టార్లు డురాంట్, బుకర్‌లను వదలకపోతే లెక్కకు సరిపోయేది బీల్ ఒక్కడే.

జవాబు 2: లెక్క కుదిరినా బీల్ సరే అనాల్సి ఉండేది. 2022లో అతని పాత జట్టు వాషింగ్టన్ ఇచ్చిన నో-ట్రేడ్ క్లాజ్ (అతని అనుమతి లేకుండా వేరే జట్టుకు పంపకూడదనే షరతు) అతనితోపాటే ఫీనిక్స్ వచ్చింది. అసలు ఆ క్లాజ్ ఇవ్వడమే పెద్ద తప్పు.

జవాబు 3: అప్పటి బీల్ జీతం కూడా ఎక్కువే. మ్యాచ్‌కు 17 పాయింట్ల ఆటగాడికి క్యాప్‌లో (జట్టు జీతాల పరిమితిలో) మూడో వంతు పైనే! ఆపై ఒప్పందంలో అప్పటికి మిగిలిన రెండేళ్లకు ఇంకో 11 కోట్ల డాలర్లు. తీసుకునే జట్టు ముందు చూసేది అదే.