నాన్నగారి చితాభస్మాన్ని అన్నాచెల్లెళ్లం పంచుకోవచ్చా?

తెనాలి ఆడపడుచు:
నాన్నగారు ఫిబ్రవరిలో అమెరికాలో, అన్నయ్య ఇంట్లో ఉండగా పోయారు. అక్కడి కథోలిక విచారణ (పారిష్) గుడిలో దివ్యబలిపూజ జరిపించి, ఆ తరువాత దహనం చేయించారు. వచ్చే నెల అన్నయ్య చితాభస్మం తెస్తున్నాడు. సగం తెనాలిలో తాతయ్య సమాధిలో పెట్టి, సగం తన ఇంట్లో ఉంచుకుంటాడట. మా విచారణ గురువు ఒప్పుకోలేదు. ‘పంచుకోవడానికి అదేమైనా పొలమా?’ అన్నారు. అన్నయ్యకు కోపం వచ్చింది. న్యాయం ఎవరిది?

ఉపదేశిగారి మనవడు:
గురువుగారిదే. దహనాన్ని శ్రీసభ (కథోలిక సంఘం) 1963లోనే అనుమతించింది. 1983 నాటి శ్రీసభ చట్టం 1176వ అధికరణం కూడా భూస్థాపననే గట్టిగా సిఫారసు చేస్తూ, దహనాన్ని నిషేధించలేదు. విశ్వాసాన్ని కాదనడానికే దహనం కోరుకుంటే మాత్రం కుదరదు. కానీ 2016లో రోము ఇచ్చిన ఆదేశంలో సందేహానికి చోటే లేదు. చితాభస్మాన్ని సమాధుల తోటలోనో, గుడిలోనో, అందుకోసం కేటాయించిన మరో పవిత్ర స్థలంలోనో ఉంచాలి. నీటిలో కలపకూడదు, గాలిలో చల్లకూడదు, లాకెట్లలో దాచుకోకూడదు, కుటుంబంలో పంచుకోకూడదు.

ఇది ఊరికే పెట్టిన నిబంధన కాదు. శవపేటిక మీద తీర్థం చల్లేది ఆ మనిషి పొందిన జ్ఞానస్నానాన్ని గుర్తు చేయడానికి. పక్కన పాస్కా (ఈస్టరు) క్రొవ్వొత్తి వెలిగించేదీ అందుకే. సాంబ్రాణి వేసేది ఆ శరీరం పవిత్రాత్మకు ఆలయంగా ఉండింది కాబట్టి. నిప్పులో కాలినంత మాత్రాన ఆ గౌరవం పోతుందా? శరీరాన్ని సగం చేసి చెరో ఊళ్లో పాతిపెడతామా?

గోవా చూసొచ్చినవాడు:
చేశాం కదండీ! పునీత ఫ్రాన్సిస్ శౌరివారి (జేవియర్) దేహం పాత గోవాలో బోమ్ జీసస్ గుడిలో ఉంది. కుడి చెయ్యి మాత్రం 1614లో వేరుచేసి రోముకు పంపారు, ఇప్పటికీ అక్కడ జెసూ గుడిలో ఉంది. పునీతుల ఎముకల తునకలు ఎన్ని బలిపీఠాల్లో లేవు? పునీతులను పంచుకోవచ్చు గానీ కన్నతండ్రిని కొడుకు దగ్గర ఉంచుకోకూడదా?

ఉపదేశిగారి మనవడు:
ఆ చెయ్యి గుడిలో ఉంది, ఎవరి హాల్లో టీవీ పక్కనో లేదు. ఎవరైనా వెళ్లి మోకరించవచ్చు. ఇంట్లో పెట్టుకున్నది కొడుకు ఉన్నన్నాళ్లు భద్రం. మనవడు ఇల్లు మారినప్పుడు ఆ డబ్బా ఏ అట్టపెట్టెలోకి వెళ్తుందో ఎవరికి తెలుసు? తరం మారితే మరచిపోతారని, అమర్యాద జరుగుతుందని ఆ ఆదేశమే చెప్పింది.

బాప్టిస్టు కోడలు:
నేను బాప్టిస్టు కుటుంబంలో పుట్టి కథోలిక ఇంటికి వచ్చాను. మా పుట్టింటివైపు భూస్థాపన, తరువాత ఆదరణ కూడిక. బ్రతికున్నవారిని ఓదార్చడంతో సరి, పోయినవారి కోసం ప్రార్థన ఉండదు. ఇక్కడ ఉత్తరించు స్థలంలోని, అంటే మోక్షానికి ముందు శుద్ధి పొందుతున్న, ఆత్మల కోసం పూజలు చెప్పించడం మొదట్లో వింతగా తోచింది. ఇప్పుడు ఏటా నవంబరు 2న, మృతుల స్మరణ దినాన, మామగారి సమాధి కడిగి, పూలు పెట్టి, క్రొవ్వొత్తి వెలిగించేది నేనే. ఆ రోజు పక్క సమాధి దగ్గర ఎవరూ లేకపోతే వారి పేరూ చదివి ప్రార్థిస్తాం. ఇంట్లో షెల్ఫు మీదున్న వారికోసం దారినపోయేవాళ్లు ఎవరు ప్రార్థిస్తారు?

పాత పత్రికల గుమాస్తా:
ఇద్దరూ 2016 దగ్గరే ఆగిపోయారు. బొలోన్యా అగ్రపీఠాధిపతి కార్డినల్ జుప్పి ఇదే ప్రశ్న అడిగితే, 2023 డిసెంబరులో రోము విశ్వాస సిద్ధాంత విభాగం జవాబిచ్చింది. మృతుని జీవితంతో ముడిపడిన చోట చితాభస్మంలో అతి కొద్ది భాగాన్ని భద్రపరచమని కుటుంబం కోరితే, శ్రీసభ అధికారులు పరిశీలించవచ్చు. మిగిలినదంతా పవిత్ర స్థలంలో ఉండాలి, కోరికలో విశ్వాసానికి విరుద్ధమైన ఉద్దేశం ఉండకూడదు.

ఇక్కడ మెలిక చూడండి. ‘మృతుని జీవితంతో ముడిపడిన చోటు’ అన్నారు, కొడుకు ఇల్లు అనలేదు. అమెరికాలో ఆయన ఎన్నాళ్లున్నారు? ‘అతి కొద్ది’ అంటే సగమూ కాదు. పైగా అనుమతి అడగాల్సింది అక్కడి మేత్రాణులను (బిషప్పును), తెనాలి గురువును కాదు. ఈ జవాబును అన్నయ్య గెలుపుగా చదవడం నాకు తొందరపాటుగా తోస్తుంది. గురువుగారి ‘పొలమా’ అన్న మాట కూడా దుఃఖంలో ఉన్నవాళ్లతో అనదగింది కాదు.

తెనాలి ఆడపడుచు:
అందరికీ వందనాలు. నాన్నగారు అక్కడ ఉన్నది అయిదు నెలలే. రాత్రి ఈ చర్చంతా అన్నయ్యకు ఫోనులో చదివి వినిపించాను. గోవా ముచ్చటకు నవ్వాడు, షెల్ఫు మాటకు మాట్లాడలేదు. చివరికి, ‘ఏటా నవంబరుకు నేను రాలేను కదా, నాకక్కడ ఏముంటుంది?’ అన్నాడు. అమ్మ ఫోను లాక్కుని, ‘మీ నాన్న జపమాల నీ దగ్గరే ఉందిగా, అది ఉంచుకో’ అంది. ఇంకా ఒప్పుకోలేదు గానీ, తాతయ్య సమాధి తెరవడానికి మేస్త్రీని ఎప్పుడు మాట్లాడాలని మాత్రం అడిగాడు.