మేత కంపెనీ వదిలి కంటి ఆసుపత్రి ట్రస్టుకు సీఈవోగా వెళ్లొచ్చా?

మేత మేనేజర్, భీమవరం
నమస్కారమండీ. రొయ్యల మేత కంపెనీలో జోనల్ మేనేజర్ని. ఉండి, ఆకివీడు, కాళ్ల డీలర్లంతా నా కిందే. నరసాపురం వైపు కంటి ఆసుపత్రి నడిపే ట్రస్టు సీఈవోగా రమ్మంటోంది. జీతం ఇప్పుడొచ్చేదాంట్లో సగం కూడా లేదు. అమ్మాయి ఇంజనీరింగ్ అయ్యేదాకా ఆగమంటోంది మా ఆవిడ. నాకు సరుకు అమ్మడం, బాకీలు వసూలు చెయ్యడం తప్ప వైద్యం తెలీదు. మాలాంటివాళ్లు అక్కడ పనికొస్తారా? ఒప్పుకునే ముందు ఏం అడగాలి?

రిటైర్డ్ బ్యాంకు, పాలకొల్లు
భేషుగ్గా పనికొస్తారు. మదురై అరవింద్ కంటి ఆసుపత్రిని డాక్టర్ వెంకటస్వామి గారు 1976లో 11 మంచాలతో మొదలెట్టారు. దాన్ని అంత పెద్దది చెయ్యడంలో తులసిరాజ్ గారి చెయ్యి ఉంది. ఆయన డాక్టరు కాదు, కలకత్తా ఐఐఎం మనిషి. డబ్బిచ్చి చేయించుకునేవాళ్ల రాబడితోనే ఉచిత ఆపరేషన్లు నడిచే లెక్క అక్కడిది.

నేను రిటైరయ్యాక ఓ డయాలసిస్ ట్రస్టు చూశాను. మేత నచ్చకపోతే రైతు వచ్చే పంటకి బ్రాండు మార్చేస్తాడు, మీకు వెంటనే తెలిసిపోతుంది. ఇక్కడ డబ్బిచ్చేది డల్లాస్‌లో, మంచం మీద పడుకునేది మొగల్తూరులో. మొగల్తూరాయన ఫిర్యాదు చెయ్యడు, దండం పెడతాడు. ఆ దండం చూసి బాగా చేస్తున్నామనుకోకండి.

దాతలకేమో బిల్డింగు కావాలి, దానిమీద నాన్నగారి పేరు కావాలి. డయాలసిస్‌కి నీళ్లు శుద్ధి చేసే ఆర్వో ప్లాంటులో మెంబ్రేన్ మార్చాలన్నా, టెక్నీషియన్‌కి జీతం ఇవ్వాలన్నా ఎవరి జేబూ కదలదు. వసూళ్లు తెలిసినవారు కదా, మీకసలు పని అక్కడే.

ఇంకోటి, ట్రస్టు ఒక్కరి పర్సు మీదే నడుస్తోందేమో చూడండి. 108 అంబులెన్సుల సంగతి గుర్తుందిగా? 2005 ఆగస్టు 15న మొదలెట్టిన రామలింగరాజు గారు మీ భీమవరం వైపువారే. 2009 జనవరిలో ఆయన కంపెనీ సత్యం కూలింది. ప్రభుత్వం డబ్బుంది, జీవీకే కంపెనీ వచ్చి అందుకుంది కాబట్టి అంబులెన్సులు ఆగలేదు. మీ ట్రస్టుకి అలా ఎవరున్నారు?

ఆడిటర్, తణుకు
డల్లాస్ అన్నారు కాబట్టి చెప్తున్నా. ఇండియా పాస్‌పోర్టు ఉన్న ఎన్నారై తన సొంత డబ్బు బ్యాంకు ద్వారా పంపితే పేచీ లేదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్లు ఇస్తే అది విదేశీ విరాళమే. ట్రస్టుకి ఎఫ్‌సీఆర్‌ఏ, అంటే విదేశీ విరాళాల చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉండాలి, ఢిల్లీ స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచి ఖాతాలోనే పడాలి. ఆ నిధుల్లో పరిపాలన ఖర్చు 20 శాతం దాటకూడదు. 2020 వరకూ 50 ఉండేది. మీ జీతం అందులోంచి ఇస్తే పరిపాలన లెక్కలోకే వస్తుంది, చూసుకోండి. ట్రస్టు డీడూ, మూడేళ్ల ఆడిట్ రిపోర్టులూ ముందు అడగండి.

క్యాంపు సిస్టర్, రాజోలు
సార్, మీరు చేరితే ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. దాళ్వా (రెండో పంట వరి) నాట్లప్పుడు క్యాంపు పెడితే కుర్చీలే మిగులుతాయి. సంక్రాంతి ముందు శుక్లాల ఆపరేషన్‌కీ రారు, తలంటు వద్దంటాం కదా. ముసలమ్మలు రావాలంటే బస్సుతోపాటు తోడొచ్చేవాళ్లకి భోజనం కూడా పెట్టాలి. టార్గెట్ పెట్టి సూపర్‌వైజర్లని తరిమితే ఆపరేషన్ అక్కర్లేనివాళ్లని కూడా బస్సెక్కించేస్తారు. ఆయ్, చూశానండీ.

మేత మేనేజర్, భీమవరం
అందరికీ థాంక్సండీ. నిన్న ఛైర్మన్ గారికి ఫోన్ చేసి డీడూ, ఆడిట్ రిపోర్టులూ అడిగాను. ‘అవన్నీ తర్వాత చూసుకుందాం, ముందు మీరు చేరండి’ అన్నారు.

ఆడిటర్, తణుకు
చేరకండి.

రిటైర్డ్ బ్యాంకు, పాలకొల్లు
తొందరపడకండి ఆడిటర్ గారూ. అన్నీ బీరువాలో పెట్టుకుని, అడిగితే చిన్నబుచ్చుకునే పెద్దమనుషులూ ఉంటారు. ఓసారి ఎదురుగా కూర్చుని అడగండి. అప్పటికీ చూపించకపోతే ఆడిటర్ గారి మాటే నాదీ.