ఓపెన్ బ్యాక్ హెడ్‌ఫోన్ తీసుకుంటే గేమ్ శబ్దం మైకులోకి వెళ్తుందా?

ఇప్పుడు వాడుతున్నది క్లోజ్డ్ బ్యాక్ గేమింగ్ హెడ్‌సెట్, అంటే చెవి కప్పుల బయటి వైపు మూసి ఉండేది (ఓపెన్ బ్యాక్‌లో ఆ వైపు తెరిచి ఉండి గాలీ శబ్దమూ బయటికి పోతాయి). బరువు 340 గ్రాములు, లెదరెట్ కుషన్లు, మైకుకూ శబ్దానికీ కలిపి ఒకటే 3.5 ఎంఎం జాక్. పెట్టుకున్న 40 నిమిషాలకే కళ్లజోడు కాడలు కణతలకు నొక్కుకుని నొప్పి మొదలవుతోంది. గంట దాటితే చెవుల చుట్టూ చెమట.

పుస్తకాల దొంతరకు తొడిగి రెండు రాత్రులు ఉంచాను. బిగువు తగ్గింది గానీ తల వంచితే జారిపోతోంది. కుషన్లు తీసి వెల్వెట్‌వి వేశాను. ఉక్క పోయింది, దాంతోపాటు బేస్ కూడా పలచబడింది (గాలి ఆడితే అంతే మరి). బ్లూటూత్ హెడ్‌సెట్ ఒకటి అరువు తెచ్చి చూశాను. వాయిస్ చాట్‌లో మైక్ ఆన్ కాగానే విండోస్ దాన్ని హ్యాండ్స్‌ఫ్రీ మోడ్‌లోకి మార్చేసింది. స్టీరియో పోయి అంతా పాత ఫోన్ కాల్‌లా వినిపించింది, గేమ్‌లో అడుగుల చప్పుడు ఎటునుంచో తెలియలేదు. కాబట్టి బ్లూటూత్ వద్దనుకున్నాను.

ఇక మిగిలింది 250 గ్రాముల లోపు ఓపెన్ బ్యాక్ హెడ్‌ఫోన్, దానికి తగిలించే విడి బూమ్ మైక్ (నోటి దగ్గరికి వచ్చే కాడ చివర ఉండే మైకు). గదిలో ఫ్యాన్ తిరుగుతుంటుంది, కీబోర్డు మెకానికల్. అలాంటి జత వాడుతున్నవాళ్లు చెప్పండి: మైకును పెదవి పక్కన రెండు వేళ్ల దూరంలో పెట్టి, మామూలు వాల్యూమ్‌లో ఆడితే, అవతలివాళ్లకు మీ గేమ్ శబ్దం వినిపిస్తోందా?