స్టాండప్ ప్యాడిల్‌బోర్డింగ్‌లో ఖర్చయ్యే కేలరీలను ఎలా అంచనా వేయాలి?

బరువు తగ్గడం కోసం స్టాండప్ ప్యాడిల్‌బోర్డింగ్‌నే (బోర్డు మీద నిలబడి తెడ్డు వేస్తూ నీటిపై సాగడం) నా ప్రధాన వ్యాయామంగా పెట్టుకున్నాను. అయితే గంటసేపు తెడ్డు వేస్తే నిజంగా ఎన్ని కేలరీలు ఖర్చవుతాయో తేల్చుకోలేక, అనుభవం ఉన్నవారి సలహా కోరుతున్నాను.

శారీరక శ్రమల తీవ్రతను చూపే కొన్ని పట్టికల్లో దీనికి 6 మెట్‌ల (MET, శ్రమ తీవ్రతను కొలిచే ప్రమాణం) విలువ ఇచ్చారు. ఒక మెట్ అంటే కిలో శరీర బరువుకు గంటకు సుమారు ఒక కిలోకేలరీ కనుక, 70 కిలోల మనిషికి గంటకు 420 కిలోకేలరీలు (వాడుకలో కేలరీలు) రావాలి. ఊరకే కూర్చున్నా ఖర్చయ్యే 70 కూడా అందులోనే ఉన్నాయన్న సంగతిని చాలామంది పట్టించుకోరు. పైగా నిశ్చలమైన నీటిలో తీరిగ్గా సాగడానికీ, ఎదురుగాలిలో మోకాళ్లు కాస్త వంచి బోర్డు మీద నిలదొక్కుకుంటూ దాన్ని ముందుకు నెట్టడానికీ ఒకే అంకె ఎలా సరిపోతుంది?

స్మార్ట్‌వాచ్ మీదా నాకు నమ్మకం కుదరడం లేదు. తెడ్డు పిడిని బిగించి మణికట్టు వంచినప్పుడల్లా, ఊపిరి వేగంలో మార్పేమీ లేకున్నా, గుండె వేగం అంకె ఉన్నట్టుండి పడిపోతోంది. గుండె వేగాన్ని కొలవడానికి ఛాతీకి కట్టుకునే పట్టీ లైఫ్ జాకెట్ కింద జారకుండా నిలుస్తుందా? నడుము తిప్పుతూ తెడ్డు లాగాలని తెలిసినా, ఆయాసం రాకముందే నా భుజాలు అలసిపోతున్నాయి. ఇలాంటప్పుడు ఎక్కువసేపు నెమ్మదిగా సాగడం మేలా, లేక కొద్ది నిమిషాల వేగాన్నీ విశ్రాంతినీ మార్చి మార్చి చేయడం మేలా? దయచేసి వివరించగలరు.