మంచి అలవాట్లు: అన్నీ ఒక్కసారే మొదలుపెట్టాలా, ఒక్కొక్కటిగానా?

వేకువజాము:
నా వయసు 43. మూడు నెలల కిందట షుగర్ బార్డర్‌లో ఉందని తేలింది. ఆ రోజే తీర్మానించుకున్నాను: సిగరెట్ బంద్, తీపి బంద్, పొద్దున్నే గంట నడక, రాత్రి పదింటికల్లా నిద్ర. పదకొండు రోజులు పట్టుదలగా చేశాను. పన్నెండో రోజు ఆఫీసు పనితో అర్ధరాత్రి దాటింది, పొద్దున్న లేవలేకపోయాను. నడక ఎలాగూ తప్పిందని సాయంత్రం సిగరెట్ వెలిగించాను. వారం తిరిగేసరికి అన్నీ పోయాయి. నడక బూట్లు ఇంకా తలుపు పక్కనే ఉన్నాయి, వేసిన ముడి వేసినట్టే, పైన దుమ్ము. ఇంకో పది రోజులు ఆగి ఉంటే 21 రోజులు పూర్తయి అలవాటైపోయేదని అందరూ అంటున్నారు. మళ్ళీ అన్నీ ఒకేసారి మొదలుపెట్టనా?

గట్టిపట్టు:
ఒకేసారే మొదలుపెట్టండి. నేను సిగరెట్ అలాగే మానేశాను, ఆరేళ్ళయింది. పదిని ఎనిమిది చేస్తే రోజంతా ఆ ఎనిమిది మీదే ధ్యాస. నా మాటే కాదు, 2016లో ఇంగ్లండ్‌లో దాదాపు 700 మందితో చేసిన పరిశోధన ఫలితాలు వచ్చాయి. తేదీ పెట్టుకుని ఆ రోజు పూర్తిగా మానినవాళ్ళలో నాలుగు వారాలకి 49 శాతం మంది నిలబడ్డారు. రెండు వారాల పాటు తగ్గించుకుంటూ వచ్చి మానినవాళ్ళలో 39 శాతమే. ఆరు నెలల తర్వాత కూడా తేడా అలాగే ఉంది, 22కి 15.5. కొంచెం కొంచెంగా అనేది వాయిదాకి ఇంకో పేరండీ.

మెట్లదారి:
ఆ లెక్క నిజమే, కాదనను. కానీ అది మానేసే పని గురించి. నడక మొదలుపెట్టే పని. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టడం వల్లే వేకువజాము గారి పన్నెండో రోజు అలా అయిందని నా నమ్మకం. సిగరెట్‌కి వేలు, పెదవి, టీ తాగే వేళ అన్నీ అలవాటుపడి ఉంటాయి. రోజుకొకటి తాగినా ఆ దారి తెరిచే ఉంటుంది, కాబట్టి తెంచేయడమే మేలు. నడకకి అసలు దారే లేదు, కొత్తగా పడాలి.

ఇక 21 రోజుల మాట. 1960లో మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే ప్లాస్టిక్ సర్జన్, తన రోగులకి కొత్త ముఖం అలవాటుపడటానికి కనీసం 21 రోజులు పడుతోందని రాశారు. ఆ ‘కనీసం’ ఎక్కడో రాలిపోయింది, అంకె మిగిలింది. లండన్‌లో ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని 12 వారాలు గమనించి 2010లో ప్రచురించిన లెక్కలో, అలవాటు పడే కాలం 18 నుంచి 254 రోజుల దాకా వచ్చింది (12 వారాలు దాటినవి లెక్కగట్టిన అంచనాలు). మధ్య అంకె 66. అందులో నాకు అన్నిటికన్నా నచ్చిన విషయం ఇంకోటి ఉంది. మధ్యలో ఒక రోజు తప్పినా అలవాటుకి చెప్పుకోదగ్గ నష్టమేమీ రాలేదు.

మీకు నడక తప్పడం వల్ల ఏమీ కాలేదు. దాన్ని సాకుగా తీసుకుని సిగరెట్ దాకా వెళ్ళారు, దెబ్బ అక్కడ పడింది. నాలుగూ ఒకే తాడుకి కట్టారు, ఒకటి జారితే నాలుగూ జారాయి. విడదీయండి. గంట నడక వద్దు, పది నిమిషాలు చాలు. పది నిమిషాలకి తక్కువైతే లెక్కలోకి రాదన్న పాత షరతును 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థే తీసేసింది. ఆ సంస్థ చెప్పే వారానికి 150 నిమిషాలు అనేది చేరాల్సిన చోటు, మొదటి రోజు అక్కడ ఉండక్కర్లేదు.

గట్టిపట్టు:
షుగర్ బార్డర్‌లో ఉన్న మనిషికి ఒక్కొక్కటిగా అంటే ఏళ్ళు గడిచిపోతాయి కదా? అమెరికాలో మూడు వేల మందికి పైగా పాల్గొన్న, 2002లో ఫలితాలు వచ్చిన డయాబెటిస్ నివారణ పరిశోధన చూడండి. తిండీ నడకా కలిపే మార్చారు. షుగర్ వచ్చే ముప్పు 58 శాతం తగ్గింది, షుగర్‌కి వాడే మెట్‌ఫార్మిన్ మాత్రతో తగ్గింది 31 శాతమే.

మెట్లదారి:
కలిపే మార్చారు, ఒప్పుకుంటాను. కానీ మొదటి 24 వారాల్లో ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి 16 పాఠాలు చెప్పారు. తప్పిన రోజు పలకరించడానికి మనిషి ఉన్నాడు. మీరు చెప్పిన సిగరెట్ పరిశోధనలోనూ రెండు వర్గాలకీ నికోటిన్ ప్యాచ్‌లు (సిగరెట్ మీద యావ తగ్గించడానికి ఒంటికి అంటించే పట్టీలు), కౌన్సెలింగ్ ఇచ్చారు. వేకువజాము గారికి ఆ పదకొండు రోజులూ తోడు ఎవరున్నారు?

వార్డు డ్యూటీ:
ఇరవై ఏళ్ళుగా నర్సుని. ఒక్క మాట చెప్పి వెళ్తాను. ఈ ‘ఒక్కసారే తెంచేయండి’ సలహాని దయచేసి మందు తాగే అలవాటుకి వాడకండి. ఏళ్ళ తరబడి రోజూ బాగా తాగేవాళ్ళు హఠాత్తుగా ఆపితే ఫిట్స్ రావచ్చు, మతి తప్పవచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. డాక్టరు పర్యవేక్షణలోనే మానాలి. షుగర్ మాత్రలో ఇన్సులినో వాడుతూ తిండి ఒక్కసారి తగ్గించేవాళ్ళు కూడా ముందు అడగాలి, చెమటలు పట్టి కళ్ళు తిరిగి వచ్చేవాళ్ళని చాలామందిని చూశాను.

గట్టిపట్టు:
మందు సంగతి నాకు తట్టలేదు, మంచి మాట చెప్పారమ్మా. నడక విషయంలో ఇప్పటికీ నా అభిప్రాయం మారలేదు. పది నిమిషాలు పదిగానే ఉండిపోతాయని నా భయం.

వేకువజాము:
అందరికీ కృతజ్ఞతలు. సిగరెట్‌కి గట్టిపట్టు గారి దారి. డాక్టరుని కలిసి ప్యాచ్ గురించి అడిగాను, సోమవారం తేదీ పెట్టుకున్నాను, లైటర్ మా ఆవిడ చేతికిచ్చాను. నడక పది నిమిషాలే, రాత్రి భోజనం కాగానే. నిన్న చేశాను, ఇవాళ తప్పింది. బూట్లు తుడిచి పెట్టాను, రేపు వెళ్తాను.